సంచి ఎవరిదో ముందే తెలిస్తే ఇక మాట్లాడుకునేదేముంది? ఇంగ్లిష్ క్లాసులో రోల్ ప్లే సంగతి

మొదట నా సంగతే చెప్తాను. కొన్నేళ్ళ కిందట కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే మీటింగ్) మోడల్ లెసన్ చెప్పమంటే, తొమ్మిదో తరగతి పిల్లలతో ‘డాక్టర్ – పేషెంట్’ రోల్ ప్లే చేయించాను. తెల్ల చొక్కా, కేబుల్ వైరుతో చేసిన స్టెతస్కోపు, బల్ల మీద ఖాళీ టానిక్ సీసాలు, టీఎల్ఎం, అంటే బోధన సామగ్రి అంతా సిద్ధం. “గుడ్ మార్నింగ్ డాక్టర్”, “వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్?”, “ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్”, “టేక్ దీజ్ టాబ్లెట్స్”, “థాంక్యూ డాక్టర్”. ఎక్కడా తడబాటు లేదు. చుట్టుపక్కల బడుల నుంచి వచ్చిన టీచర్లు చప్పట్లు కొట్టారు, నేనూ పొంగిపోయాను. మర్నాడు అదే డాక్టరు వరండాలో ఎదురైతే సరదాకి “ఐ హావ్ ఫీవర్. వాట్ షుడ్ ఐ డూ?” అన్నాను. వాడు ఒక్క క్షణం నా మొహం చూసి, “సార్, నేను డాక్టర్ సార్. జ్వరం డైలాగులు వాడివి” అని పక్కవాణ్ణి చూపించాడు.

అప్పుడు నవ్వాను. తర్వాత స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటే నవ్వు రాలేదు. ఐదు రోజులు రిహార్సల్ చేయించి నేను వాడికి నేర్పింది నాలుగు వాక్యాలు, అవీ వాడి వంతు వరకే.

ఇది ఇప్పటి జబ్బేమీ కాదు. 1892లో తొలిసారి ఆడిన గురజాడ ‘కన్యాశుల్కం’లో, గిరీశం, వెంకటేశం కలిసి వెంకటేశం తల్లి ముందు ఇంగ్లిష్‌లో ‘మాట్లాడుకునే’ సీను గుర్తుంది కదా? ఒకరు నర్సరీ పద్యం అందుకుంటే, ఇంకొకరు రేఖాగణితం పాఠంలో వాక్యమో గ్రామర్ రూలో అప్పజెప్తారు. ఒక మాటకీ ఇంకో మాటకీ పొంతన ఉండదు, కానీ వంతులు తప్పవు, గొంతులో హెచ్చుతగ్గులు తప్పవు, చూసేవాళ్ళకి అచ్చంగా సంభాషణే. ఆ తల్లికి ఇంగ్లిష్ రాదు గనక సంబరపడింది. మా మీటింగ్‌లో చప్పట్లు కొట్టిన వాళ్ళందరం ఇంగ్లిష్ టీచర్లమే, మరి మా సంగతేంటి?

అసలు చిక్కు పేరులోనే ఉంది. మూడు వేర్వేరు పనుల్ని మనం ఒకే పేరుతో పిలుస్తున్నాం. పుస్తకంలో ఉన్న సంభాషణని ఇద్దరు పిల్లలు చదవడమో అప్పజెప్పడమో ఒకటి. అది సరళీ స్వరాల్లాంటిది, నాలుక తిరగడానికి పనికొస్తుంది, తప్పేం లేదు, కానీ దాన్ని కచేరీ అనుకోకూడదు. రెండోది స్కిట్, అంటే యాన్యువల్ డేకి రాసి, నేర్పి, ఆడించేది. స్టేజీ భయం పోతుంది, తల్లిదండ్రులు వీడియో తీసుకుంటారు. మూడోది రోల్ ప్లే. ఇందులో స్క్రిప్టు ఉండదు. నువ్వు ఎవరివో, నీకేం కావాలో తెలుసు, ఎదుటివాడు ఏమంటాడో మాత్రం తెలియదు. అందుకే వినాలి. విన్నదాన్ని బట్టి మాట వెతుక్కోవాలి. ఎలా ముగుస్తుందో టీచర్‌కి కూడా తెలియకపోతే అది రోల్ ప్లే, తెలిస్తే స్కిట్. నేను పెట్టుకున్న కొండగుర్తు ఇదొక్కటే.

ఈ పద్ధతి భాషల క్లాసులోకి ఎలా వచ్చిందో కొంచెం చెప్పి ముందుకెళ్తా. 1920ల్లో వియన్నాలో జేకబ్ మొరీనో అనే వైద్యుడు స్క్రిప్టు లేని నాటకాలు ఆడించేవాడు, తర్వాత దాన్నే మానసిక చికిత్సకి వాడాడు. భాషల వైపు చూస్తే, 1950లు, 60ల్లో మన దగ్గర ఇంగ్లిష్ అంటే వాక్యాల అచ్చులు పోయడం: “దిస్ ఈజ్ ఎ బుక్, దట్ ఈజ్ ఎ పెన్”. హైదరాబాద్‌లో ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైన రోజులవి. 1972లో అచ్చయిన ఒక వ్యాసంలో డెల్ హైమ్స్ అనే అమెరికన్ పండితుడు, వ్యాకరణం ప్రకారం సరైన వాక్యం కట్టగలగడం ఒక్కటే భాష రావడం కాదనీ, ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు ఏ మాట చెల్లుతుందో తెలియడం కూడా అందులో భాగమేననీ వాదించాడు. ‘ఎవరితో, ఎక్కడ’ అన్న ప్రశ్న వచ్చాక క్లాసులో ‘ఎవరో’, ‘ఎక్కడో’ కల్పించక తప్పదు కదా. అలా 70లు, 80ల్లో రోల్ ప్లే భాషా పాఠాల్లో స్థిరపడింది.

ఇప్పుడు నేను చేయిస్తున్నది ఒకటి దగ్గరగా చూపిస్తాను. బస్సులో పోయిన సంచి. ఇద్దరికి రెండు చీటీలు. మొదటి చీటీలో: “మీరు మధ్యాహ్నం బస్సులో సంచి మర్చిపోయారు. బస్టాండ్‌కి వచ్చి కంట్రోలర్‌ని అడుగుతున్నారు. సంచి నీలం రంగు. జిప్పు పాడైంది. లోపల టిఫిన్ డబ్బా, మీ చెల్లి పరీక్ష హాల్ టికెట్ ఉన్నాయి. పరీక్ష రేపే.” రెండో చీటీలో: “మీరు బస్టాండ్ కంట్రోలర్. మీ దగ్గర మూడు సంచులున్నాయి. రెండు నీలం, ఒకటి నలుపు. నీలం సంచుల్లో ఒకదానికే జిప్పు పాడైంది. రెండింట్లోనూ టిఫిన్ డబ్బాలున్నాయి. పోయిన వారం ఒక సంచి వేరేవాళ్ళకి ఇచ్చేసి మాట పడ్డారు, కాబట్టి గట్టిగా అడక్కుండా ఇవ్వరు.” సూచన తెలుగులో, మాటలు ఇంగ్లిష్‌లో. ఒకరి చీటీ ఇంకొకరు చూడకూడదు. ఇంతే సరంజామా, సగం తెల్ల కాగితం.

ఒక జంట దగ్గర నిలబడి విన్నాను. సంచి పోగొట్టుకున్న అమ్మాయి “బ్లూ బ్యాగ్ సార్” అంది. కంట్రోలర్ పిల్లాడు చీటీ చూసుకుని “టూ బ్లూ బ్యాగ్స్. విచ్ బ్లూ?” అన్నాడు. పిల్ల ఇరుక్కుపోయింది. జిప్పుకి మన ఊళ్ళో అందరూ చైనే అంటారు, అది పాడైందని ఎలా చెప్పాలి? “చైన్... చైన్ నాట్ గుడ్... చైన్ నో వర్కింగ్” అంది, చేత్తో జిప్పు లాగి చూపించింది. వాడు ఒప్పుకోలేదు. “విచ్ సైడ్ చైన్?” అన్నాడు. అది చీటీలో లేదు! సొంతంగా అడిగాడు, వాడికి నిజంగానే అనుమానం వచ్చింది. “ఫ్రంట్ సార్, ఫ్రంట్! మై సిస్టర్ టుమారో ఎగ్జామ్ సార్, ప్లీజ్ సార్” అని ఆ పిల్ల గొంతు పెంచింది.

వ్యాకరణం లెక్కన చూస్తే అందులో సరైన వాక్యం ఒక్కటి కూడా లేదు. అయినా ఆ ఏడాది నా క్లాసులో నేను విన్న మొదటి ఇంగ్లిష్ సంభాషణ అదే అని చెప్పగలను.

తేడా ఎక్కడొచ్చింది? డాక్టర్ – పేషెంట్ నాటకంలో “వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్?” అని అడిగేవాడికి జవాబు ముందే తెలుసు. తెలిసిన సంగతిని ఎవరైనా ఎందుకు అడుగుతారు? సంచి ఆటలో అడిగితే గానీ తెలియదు, తెలిస్తే గానీ పని జరగదు. ఒకరి దగ్గర ఉన్న సమాచారం ఇంకొకరి దగ్గర లేకపోవడాన్ని భాషా బోధనలో ఇన్ఫర్మేషన్ గ్యాప్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఖాళీ. ఆ ఖాళీ ఒక్కటీ చాలదు, ఒకరి అవసరం ఇంకొకరి అవసరానికి కాస్త అడ్డం కూడా పడాలి. నాకు సంచి వెంటనే కావాలి, నీకు తొందరపడి ఇవ్వడం ఇష్టం లేదు. ఆ పెనుగులాటలోంచే మాట పుడుతుంది. అడగ్గానే “ఓకే, టేక్ ఇట్” అనేసే కంట్రోలర్ ఉంటే ఆట అర నిమిషంలో అయిపోతుంది. చీటీ రాసేటప్పుడు నేను ఎక్కువసేపు ఆలోచించేది ఆ అడ్డం గురించే.

పెనుగులాడితే ఏమొస్తుంది అని అడగొచ్చు. కెనడాలో ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ళ పిల్లలు కొందరు ఏళ్ళ తరబడి పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చదువుకుంటారు. వాళ్ళని గమనించి మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు 1985లో ఒక మాట చెప్పింది. వాళ్ళు ఫ్రెంచి వింటే అర్థం చేసుకోవడంలో అక్కడి ఫ్రెంచి పిల్లలకి దాదాపు దీటుగా ఉన్నారు, కానీ మాట్లాడ్డం, రాయడం దగ్గరికొచ్చేసరికి బాగా వెనకబడ్డారు. వినడం ఒక్కటే సరిపోదు, చెప్పాల్సిన అవసరం పడితేనే తనకి ఏ మాట రాదో తనకి తెలుస్తుంది అన్నది ఆవిడ వాదన. వినేటప్పుడు సందర్భాన్ని బట్టి ఊహించుకుని గట్టెక్కిపోవచ్చు. చెప్పేటప్పుడు ఆ వీలు లేదు, క్రియ ఏదో ఒకటి ఎంచుకోవాలి. మన సంచి అమ్మాయికి ‘బ్రోకెన్’ అన్న మాట పాఠంలో పదిసార్లు కనపడే ఉంటుంది. అది తనకి లేదని తెలిసింది మాత్రం “చైన్ నో వర్కింగ్” అన్న రోజే. పీరియడ్ చివర బోర్డు మీద “ద జిప్ ఈజ్ బ్రోకెన్” అని రాస్తే, నేను చెప్పకముందే ఆ పిల్ల నోట్సులో ఎక్కించుకుంది.

ఇంకో సంగతి సిగ్గు. ఇంగ్లిష్ మాట్లాడితే “అబ్బో, పెద్ద దొరసాని” అని వెక్కిరించే వాతావరణం ఇప్పటికీ ఉంది, తప్పు మాట్లాడితే అంతకి రెట్టింపు. కంట్రోలర్‌గా మాట్లాడినప్పుడు తప్పు చేసింది కంట్రోలరు, నేను కాదు. ఒక చిన్న ముసుగు. వేషం వేసుకున్నాక గొంతు మారడం మన వీధి నాటకాల ఊళ్ళలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఈ ముసుగు నలభై మంది ముందు నిలబెడితే పనిచేయదు, ఆ సంగతి కాసేపట్లో.

తెలుగు పిల్లలకి రోల్ ప్లే ప్రత్యేకంగా ఎందుకు కావాలో చెప్పాలంటే ‘అండి’ గురించి మాట్లాడాలి. “గివ్ మీ పెన్” అని పిల్లాడు అడిగితే, వీడికి మర్యాద తెలియదని ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తారు. వాడికి మర్యాద తెలుసు. వాడి మనసులో ఉన్న వాక్యం “పెన్ను ఇవ్వండి”. మర్యాదంతా క్రియ చివర తోకలా వేలాడుతోంది, తెలంగాణలో అయితే “ఇయ్యుండ్రి” అని. ఇంగ్లిష్‌లోకి మార్చేసరికి ఆ తోక తెగిపోయింది, మిగిలింది ఒట్టి ఆజ్ఞ. ఇంగ్లిష్ క్రియకి అలాంటి తోక లేదు. అక్కడ మర్యాద వాక్యం ముందు వైపు ఉంటుంది: “కుడ్ యూ”, “వుడ్ యూ మైండ్”. ఆజ్ఞని ప్రశ్నగా తిప్పాలి, ఇప్పటి సంగతికి భూతకాలం రూపం తొడగాలి, ఇది మనకి ఎంత వింతో చూడండి. తెగిపోయిన తోక కోసం మన పిల్లలు ఏం చేస్తారంటే, ప్రతి ముక్కకీ ‘సార్’ తగిలిస్తారు. “యెస్ సార్, బ్లూ సార్, ఫ్రంట్ సార్.” అది బానిసత్వమూ కాదు, బట్టీ అలవాటూ కాదు. ‘సార్’ వాళ్ళు కనిపెట్టుకున్న ఇంగ్లిష్ ‘అండి’.

దీన్ని గ్రామర్ పీరియడ్‌లో “మోడల్ వెర్బ్స్” (కుడ్, వుడ్ లాంటి సహాయక క్రియలు) అని చెప్తే ఎక్కదు, నేను చాలాసార్లు చెప్పి చూశాను. అదే బస్సులో సీటు ఆట పెట్టండి. జరగమని అడగాలి. పక్కన క్లాస్‌మేట్, లేదా ముసలాయన, లేదా తహసీల్దారు ఆఫీసులో చూసిన మేడమ్. ముందు తెలుగులో: “ఒరేయ్ జరుగు”, “పెద్దనాన్నా, కాస్త జరుగుతావా”, “మేడమ్, కొంచెం జరుగుతారా అండీ”. మూడు గొంతులూ పిల్లలకి పుట్టుకతో వచ్చినవే, ఎవరూ నేర్పక్కర్లేదు. తర్వాత అవే ఇంగ్లిష్‌లో. క్లాస్‌మేట్‌కి “మూవ్ రా” అంటారు, నవ్వులు. ముసలాయన దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే ముక్కూమొహం తెలియని మనిషిని వరస పెట్టి పిలవడం ఇంగ్లిష్‌లో కుదరదు, మనవాళ్ళ మధ్యయితే ‘అంకుల్’ చెల్లుతుంది గానీ బయట కాదు. పిలుపు లేకుండా మొదలెట్టాలంటే ఎలా? అప్పుడు “ఎక్స్‌క్యూజ్ మీ” అన్న మాట దొరుకుతుంది, అది పిలుపు స్థానంలో వచ్చే మాట అని వాళ్ళంతట వాళ్ళకే తట్టుతుంది. మేడమ్ దగ్గరికి వచ్చేసరికి “కుడ్ యూ ప్లీజ్” అవసరం పడుతుంది. అవసరం పడ్డాక చెప్తే ఒక్కసారికే ఎక్కుతుంది.

ఇక తప్పులు దిద్దడం. మాలాంటి వాళ్ళకి ఇది దురద లాంటిది, చెవిన తప్పు పడితే నోరు ఊరుకోదు. “చైన్ నో వర్కింగ్” అన్న క్షణంలో నేను “నాట్ వర్కింగ్” అని అందించి ఉంటే ఏమయ్యేది? ఆ పిల్ల కంట్రోలర్ని వదిలేసి నా వైపు తిరిగేది. సంచి, బస్టాండు, చెల్లి పరీక్ష అన్నీ ఒక్కసారిగా మాయమై మళ్ళీ క్లాస్‌రూమ్, మళ్ళీ సార్, మళ్ళీ తప్పు. ఇంకో రకం దిద్దుబాటు ఉంది, పిల్లాడి తప్పు వాక్యాన్ని మనం సరిచేసి మామూలుగా తిరిగి అనేయడం: “ఓ, ఇట్ ఈజ్ నాట్ వర్కింగ్?” అని. మెత్తగా ఉంటుంది కదా అని అందరికీ ఇష్టం. కెనడాలో ఫ్రెంచి క్లాసుల మీద లిస్టర్, రాంటా అనే ఇద్దరు పరిశోధకులు 1997లో అచ్చేసిన పరిశీలనలో టీచర్లు అన్నిటికన్నా ఎక్కువ వాడింది ఈ పద్ధతే, పిల్లలు పట్టించుకుని తిరిగి మాట్లాడింది అన్నిటికన్నా తక్కువ కూడా దీనికే. టీచర్ దిద్దాడని కాదు, ఒప్పుకున్నాడని అనుకుంటారు పిల్లలు. “నాట్ వర్కింగ్” అంటే “యెస్ సార్!” అని ముందుకు సాగిపోతారు.

నేను చేసేది, జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని తిరగడం. విన్న తప్పులు రాసుకుంటాను, పేర్లు రాసుకోను. ఆట అయ్యాక బోర్డు మీద ఐదో ఆరో వాక్యాలు, ఎవరివో చెప్పకుండా. వాటిలో ఒకటి సరైనదే పెడతాను, లేకపోతే బోర్డు మీద ఉన్నదల్లా తప్పే అనుకుంటారు. పిల్లలే దిద్దుతారు. ఆ తర్వాత చీటీలు మార్చుకుని మళ్ళీ ఆడటం. ఈ రెండో విడత లేకపోతే మొదటి విడత సగం వృథా. టైమ్ లేదని మొదట్లో నేను తీసేసింది కూడా దీన్నే.

టైమ్ సంగతి లెక్క వేద్దాం. క్లాసులో 42 మంది, పీరియడ్ 45 నిమిషాలు. ఇద్దరిద్దరిని ముందుకు పిలిచి ఐదేసి నిమిషాలు ఆడిస్తే తొమ్మిది జంటలు, అంటే 18 మంది. ఒక్కొక్కరు మాట్లాడేది రెండున్నర నిమిషాలు. మిగతా 24 మంది ప్రేక్షకులు, ముందు బెంచీల వాళ్ళు వింటారు, వెనకవాళ్ళు మ్యాథ్స్ హోంవర్క్ చేసుకుంటారు. అదే 21 జంటలూ ఎక్కడివాళ్ళు అక్కడే ఒకేసారి ఎనిమిది నిమిషాలు ఆడితే, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, ఒక్కరు కూడా ఖాళీగా ఉండరు, చూసేవాళ్ళు లేరు గనక సిగ్గూ ఉండదు. గోల ఉంటుంది. పక్క క్లాసు మ్యాథ్స్ మాస్టారు తలుపు దగ్గరికొచ్చి నిలబడతారు. హెచ్ఎమ్‌కి ముందే చెప్పి పెట్టుకోవాలి, ఇది క్లాస్ అదుపు తప్పడం కాదు, క్లాసే అని. గోలలో ఎంత భాగం ఇంగ్లిష్ అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్ననే మనదేశంలో ఒకాయన గట్టిగా వేశారు. ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు ప్రాజెక్టు అని 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. పిల్లలకి గ్రామర్ చెప్పకుండా పనులిచ్చి, పని చేయడంలో భాష వస్తుందా అని చూశారు. ఇన్ఫర్మేషన్ గ్యాప్, రీజనింగ్ గ్యాప్ (ఉన్న సమాచారంతో ఆలోచించి తేల్చడం), ఒపీనియన్ గ్యాప్ (సొంత అభిప్రాయం చెప్పడం) అని ఇప్పుడు బీఈడీ పుస్తకాల్లో కనపడే మూడు మాటలూ అక్కడివే. ఆయన పిల్లల్ని గుంపులుగా చేసి మాట్లాడించడానికి మొగ్గు చూపలేదు. పిల్లలందరికీ అరకొరగా వచ్చిన భాష, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే అదే అరకొర గట్టిపడుతుంది, మంచి భాష టీచర్ నుంచే అందాలి అన్నది ఆయన ఉద్దేశం. కొట్టిపారేసే మాట కాదు. “విచ్ సైడ్ చైన్” అన్న మాట మా క్లాసులో వారం రోజులు ఊతపదమైపోయింది, నేనే సాక్షి.

అయినా నేను రోల్ ప్లే మానలేదు, ప్రభు గారి దగ్గరున్న ఒక అలవాటు తెచ్చి దీనికి కలిపాను. పని అప్పజెప్పే ముందు అలాంటిదే ఇంకో పనిని టీచర్ క్లాసంతటితో కలిసి చేయడం. సంచి ఆటకి ముందు నేనే కంట్రోలర్‌గా కూర్చుంటా, క్లాసంతా గొడుగు పోగొట్టుకున్న మనిషి. నేను అడిగే ప్రశ్నలు, వాడే మాటలు పిల్లల చెవిన పడతాయి. కావాల్సిన మంచి భాష ముందే కొంత అందిన తర్వాత జంటల్లోకి పంపితే అరకొర కాస్త తగ్గుతుంది. పూర్తిగా పోతుందని అబద్ధం చెప్పను.

మధ్యలో తెలుగు వస్తే? వస్తుంది. ఆట మొదలుపెట్టే ముందు ‘నువ్వు ఏం చెప్తావ్, నేనేం చెప్తా’ అని తెలుగులో అనుకోవడాన్ని నేను ఆపను, ఆలోచించడానికి సొంత భాష తీసుకుంటారు, అందులో తప్పేముంది. ఆటలోకి దిగాక మాత్రం ఒక్క సదుపాయం. ఇంగ్లిష్ మాట దొరక్కపోతే తెలుగు మాట వాడి వేలు పైకెత్తాలి. నేను ఆ మాట రాసుకుంటాను, చివర్లో బోర్డు మీదికి వస్తుంది. తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ అని కొన్ని బడుల్లో పెట్టే రూలు ఉంది చూశారా, దానివల్ల పిల్లలకి వచ్చేది ఇంగ్లిష్ కాదు, మౌనం.

పాత్రలు పంచడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది అదే. ఒకసారి సెలూన్ సీను రాశాను, సరదాగా ఉంటుందని. చీటీలు పంచుతుంటే వెనక నుంచి ఎవరో “సార్, బార్బర్ వాడికివ్వండి, వాళ్ళ నాన్నదే కదా” అన్నారు. క్లాసు నవ్వింది, ఆ పిల్లాడు నవ్వలేదు. ఊళ్ళో ఏ పని ఎవరిదో, ఆ పని వెనక ఏ కులముందో పదమూడేళ్ళ పిల్లలకి మనకన్నా బాగా తెలుసు. పని మనిషి – యజమానురాలు, కూలీ – ఆసామీ లాంటి సీన్లు పుస్తకం రాసినవాళ్ళకి మామూలు సందర్భాలు కావచ్చు, క్లాసులో ఆ జంటలు నిజంగానే కూర్చుని ఉంటాయి. ఆ తర్వాత నుంచి చీటీలు టోపీలో వేసి తీయిస్తున్నాను, రెండో విడతలో తప్పనిసరిగా తారుమారు చేస్తున్నాను. అమ్మాయికి ఎస్ఐ చీటీ వస్తే ఎస్ఐనే. తాగొచ్చే తండ్రి, కట్నం, అప్పు లాంటి వాటిని సామాజిక స్పృహ పేరుతో రోల్ ప్లేలో పెట్టడం నాకు నచ్చదు. అది ఎవరింటి సంగతో మనకి తెలియదు. ఇష్టం లేదంటే చీటీ వెనక్కిచ్చి ఇంకోటి తీసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

పరీక్షలకి ఇది పనికొస్తుందా అని తల్లిదండ్రులూ అడుగుతారు, తోటి టీచర్లూ అడుగుతారు. పదో తరగతి పరీక్ష కాగితం మీదే, అందులో సంభాషణ రాయమని వస్తుంది. గైడులో దానికో మూస దొరుకుతుంది: హలో, హౌ ఆర్ యూ, ఐ యామ్ ఫైన్, మధ్యలో నాలుగు మాటలు, బై. మూస బట్టీ పడితే మార్కులు వస్తాయి, రావని చెప్పను. నేను గమనించింది ఒక్కటే, నోటితో ఆడినవాళ్ళు రాసే సంభాషణలో రెండో వాక్యం మొదటి వాక్యానికి జవాబులా ఉంటుంది.

ఇదంతా ఇంగ్లిష్ గురించే చెప్పాను గానీ తెలుగుకి కూడా అచ్చం ఇలాగే. అమెరికాలో పెరిగే మన పిల్లలు ఇంట్లో తెలుగు మొత్తం అర్థం చేసుకుంటారు, జవాబు ఇంగ్లిష్‌లో ఇస్తారు. స్వెయిన్ కెనడాలో చూసిన బొమ్మే, తిరగేసి. వాళ్ళ కోసం 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి లాంటివి నడుస్తున్నాయి, వారాంతం క్లాసుల్లో అక్షరాలు, గుణింతాలు నేర్చుకుంటున్నారు. అక్షరాలు వచ్చినా ‘నువ్వు’, ‘మీరు’ దగ్గర తడబడతారు, ఎందుకంటే వాళ్ళు వినే తెలుగులో సగం అమ్మ వాళ్ళతో అనే మాటలే, అందులో అన్నీ “రా, కూర్చో, తిను”. ఇంటికొచ్చిన పెద్దాయనతో కూడా “తాతా, నువ్వు కూర్చో” అంటే ముద్దుగానే ఉంటుంది, పదిహేనేళ్ళు వచ్చాక అంత ముద్దుగా ఉండదు.

పోయిన వేసవిలో మా మేనకోడలు డాలస్ నుంచి కూతుర్ని తీసుకొచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. ఇంట్లో పిల్లలందరినీ పోగేసి పెళ్ళి పిలుపుల ఆట పెట్టాను. ఈ పిల్ల చీటీలో: “మీ అక్క పెళ్ళి. పక్కింటివాళ్ళని బొట్టు పెట్టి పిలవాలి. వాళ్ళు వస్తారో రారో తెలుసుకుని రావాలి, భోజనాలకి లెక్క కావాలి.” పక్కింటావిడ వేషం మా చిన్నమ్మాయిది. దాని చీటీలో: “ఆ రోజు మీకు వేరే పెళ్ళి ఉంది. వెళ్ళడం కుదరదు. కానీ రామని మొహం మీద అనకూడదు.” డాలస్ పిల్ల కుంకుమ భరిణ పట్టుకుని వెళ్ళింది, “మా అక్క పెళ్ళి, మీరు రావాలండి” అని ఒప్పజెప్పింది, ‘మీరు’ తప్పలేదు. మావాడు ఒకడు వెనక నుంచి “సకుటుంబంగా” అని అందించాడు. చిన్నమ్మాయి చాలా పెద్దరికంగా, “అయ్యో, మీ ఇంట్లో పెళ్ళంటే మా ఇంట్లో పెళ్ళి కాదూ? చూస్తామమ్మా, వీలు చూసుకుని తప్పకుండా వస్తాం” అని జాకెట్టు ముక్క కూడా చేతిలో పెట్టింది.

డాలస్ పిల్ల తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు చీటీ వైపు చూసి, ఇంగ్లిష్‌లో అడిగింది, “సో, ఆర్ దే కమింగ్ ఆర్ నాట్?” మళ్ళీ వెళ్ళి తెలుగులో అడిగి రమ్మన్నాను.